స్లీవ్ సర్జరీ అయిన రోజే డిశ్చార్జా, ఒక రాత్రి ఉండాలా? అనంతపురం నుంచి బెంగళూరు పోతున్నాం

అనంత_క్లాక్‌టవర్:

అందరికీ నమస్కారం. మా అక్కకి బెంగళూరులో స్లీవ్ సర్జరీకి, అంటే బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్‌కి, డేట్ ఇచ్చారు. వయసు 43, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 44కి దగ్గర. షుగర్‌కి మాత్రలే, ఇన్సులిన్ లేదు. బీపీకి ఒక మాత్ర. గురక బాగా పెడుతుంది, నిద్ర పరీక్ష మాత్రం చేయించలేదు.

ఆసుపత్రిలో రెండు రకాలుగా చెప్పారు. పొద్దున మొదటి కేసుగా చేసి సాయంత్రం ఏడుకల్లా పంపించేస్తాం, ప్యాకేజీ కొంత తగ్గుతుంది అన్నారు. లేదంటే ఒక రాత్రి ఉంచుకుని మరుసటి రోజు మధ్యాహ్నం డిశ్చార్జ్. అక్కకి ఆసుపత్రి అంటేనే పడదు. అదే రోజు కారెక్కి ఇంటికొచ్చేద్దాం, నాలుగు గంటలే కదా అంటోంది. బావ రెండు రాత్రులైనా ఉండాల్సిందే అంటున్నాడు.

అడగాల్సింది ఇది. ఆ ఒక్క రాత్రి ఉంటే నిజంగా ఏం పట్టుకుంటారు? కోసి కుట్టిన చోటు నుంచి లీక్ అయ్యేదుంటే ఆ రాత్రిలో తెలుస్తుందా? ఎవర్ని అదే రోజు పంపొచ్చు అనడానికి లెక్క ఏమిటి? ఇన్సూరెన్స్‌కి 24 గంటలు ఉండాలంటారు, అది ఎట్లా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, పెద్ద పోస్టైనా ఓపిగ్గా చదువుకుంటాం.

లాప్రో_సర్జన్_అనంత:

రెండో ప్రశ్నతో మొదలుపెడతా, అక్కడే ఎక్కువమంది పొరబడతారు. లీక్ ఆ రాత్రిలో దాదాపుగా తెలియదు. మీ బావ అడిగినట్టు రెండు రాత్రులున్నా తెలియకపోవచ్చు.

స్లీవ్‌లో జీర్ణాశయం వెడల్పు భాగాన్ని, అంటే సుమారు 75 నుంచి 80 శాతాన్ని, స్టేప్లర్‌తో కోసి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. కోసిన అంచు పొడవు జానెడుకు పైనే ఉంటుంది, ఆ అంచు పొడవునా మూడు వరుసల పిన్నులు పడతాయి. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. మధ్యలో మలుపు దగ్గర సన్నబడినా, మెలిపడినా ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పై కొస, అన్నవాహిక కలిసే చోట, గోడ పలుచన, రక్తప్రసరణ తక్కువ. లీక్ అయ్యేది ఎక్కువగా అక్కడే. అయితే అది సాధారణంగా ఆపరేషన్ నాడు తెరుచుకోదు. అంచు మానే దశలో, మూడో రోజు నుంచి రెండు వారాల మధ్య ఎక్కువగా బయటపడుతుంది, కొందరిలో ఇంకా ఆలస్యంగా కూడా. అలవాటున్న చేతుల్లో సుమారు నూటికి ఒకరికి. మరుసటి రోజు పొద్దున డై తాగించి ఎక్స్‌రే తీసి "లీక్ లేదు" అంటే ఆ పూటకి లేదని మాత్రమే.

మరి ఆ రాత్రి పట్టుకునేది ఏమిటంటే, ముందుగా రక్తస్రావం. మత్తులో బీపీ తగ్గి ఉంటుంది, చిన్న రక్తనాళాలు చప్పుడు చేయవు. మెలకువ వచ్చి, నొప్పి పుట్టి, రెండుసార్లు ఓకరింతలు వచ్చేసరికి బీపీ పెరుగుతుంది. అప్పుడు పిన్నుల వరుస నుంచో, ప్లీహం పక్కన కోసిన నాళాల నుంచో, గొట్టాలు దూర్చిన రంధ్రాల నుంచో రక్తం కారడం మొదలవుతుంది. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది. లావుగా ఉన్నవాళ్లలో పొట్ట నొక్కి చూసి కనిపెట్టడం కష్టం, గట్టిపడదు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ కూడా వెంటనే పడిపోదు, కొన్ని గంటలు పడుతుంది. డ్రెయిన్ గొట్టం పెట్టినా గడ్డకట్టి మూసుకుపోవచ్చు. ముందుగా చెప్పేది పల్స్ ఒక్కటే. 84, 92, 104, 116 అని గంటగంటకి ఎక్కుతూ ఉంటే బీపీ మామూలుగా ఉన్నా నమ్మకూడదు. బీపీ పడేసరికి అప్పటికే చాలా రక్తం పోయి ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ అక్క వేసుకునే బీపీ మాత్ర పేరు చూడండి. అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ లాంటిదైతే రక్తం పోతున్నా పల్స్ పెద్దగా పెరగదు. అట్లాంటి మనిషిని ఇంట్లో పల్స్ లెక్కపెట్టుకోమని సాయంత్రం పంపించడం నాకు నచ్చదు.

అమెరికా, నెదర్లాండ్స్ లాంటి చోట్ల అదే రోజు పంపే పద్ధతి ఉన్న మాట నిజమే, కానీ ఎంచి పంపుతారు. మొదటిసారి చేసే స్లీవ్ అయ్యుండాలి, రిపేరు సర్జరీ కాకూడదు. గుండె, కిడ్నీ జబ్బులుండకూడదు, రక్తం పలుచన చేసే మందులు వాడుతుండకూడదు, నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉంటే దానికి అప్పటికే చికిత్స నడుస్తుండాలి. పొద్దున మొదటి కేసు కావాలి. ఇల్లు ఆసుపత్రికి అరగంట, గంట దూరంలో ఉండాలి. రాత్రి ఫోన్ చేసి మాట్లాడే నర్సు, కొన్నిచోట్ల ఒంటికి అతికించి పల్స్, శ్వాస దూరం నుంచి చూసే సెన్సార్, అర్ధరాత్రి వెనక్కి తెస్తే తెరిచి ఉండే థియేటర్, ఇవన్నీ ఉన్నాకే పంపుతారు. ఆ ఏర్పాట్లు లేకుండా సాయంత్రం పంపడం ఒక్కటే నేర్చుకుంటే అది పద్ధతి అనిపించుకోదు.

మీ కేసులో రెండు అడ్డున్నాయి. పరీక్ష చేయని గురక, 210 కిలోమీటర్ల పైన దూరం. రాత్రి పదింటికి పెనుకొండ దాటాక పల్స్ 120 అయితే ఎటు తిప్పుతారు? నా మాట: ఒక రాత్రి ఆసుపత్రిలో, ఆ తర్వాత ఐదారు రోజులు బెంగళూరులోనే ఆసుపత్రికి అరగంటలో చేరే చోట. రెండో రాత్రికి పెట్టే డబ్బు ఆ గదికి పెట్టండి, ఎక్కువ పనికొస్తుంది.

స్లీవ్ బదులు గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకి అతికే ఆపరేషన్) అని మాట మారితే ఈ లెక్క మళ్లీ మారుతుంది. అందులో పేగు అతుకులుంటాయి. అతుకు దగ్గర రక్తస్రావం, పేగు మెలిపడటం అనే చిక్కులు కూడా కలుస్తాయి, సాయంత్రం పంపడం గురించి మాట్లాడనే అక్కర్లేదు.

మత్తుడాక్టర్_కర్నూలు:

పైన సార్ చెప్పినదానికి మా వైపు నుంచి కొంత. ఈ అక్కయ్య విషయంలో నాకు రక్తస్రావం కన్నా గురకే ముందు కనిపిస్తోంది.

మేం ఎనిమిది ప్రశ్నలడుగుతాం. గట్టిగా గురక పెడతారా, పగలు నిద్ర ముంచుకొస్తుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. ఒక్కో "అవును"కి ఒక మార్కు. మీరు రాసినదాంట్లోనే మూడు వచ్చేశాయి: గురక, బీపీ, బీఎంఐ. మెడ టేపుతో కొలవండి, రాత్రి ఊపిరి ఆగి ఒక్కసారిగా గుటకేసినట్టు లేస్తుందా అని బావగారిని అడగండి. ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పరీక్ష చేయకుండా టేబుల్ మీదికి రావడమే తప్పు. ఇంట్లోనే వేలికి, ముక్కుకి తగిలించుకుని పడుకునే పరీక్ష ఉంది, ఒక్క రాత్రిలో అయిపోతుంది. జబ్బు తేలితే సీపాప్ మిషన్ (నిద్రలో మాస్కుతో గాలి పంపి శ్వాస ఆగకుండా చూసేది) ఆపరేషన్‌కి ముందే అలవాటు చేసుకుని, ఆసుపత్రికి తనతో తెచ్చుకోవాలి. సీపాప్ గాలి పొట్టలోకి పోయి పిన్నులు ఊడతాయన్న భయం చాలామందికి ఉంది, వాడినవాళ్లలో లీకులు పెరిగిన దాఖలా లేదు. నిర్భయంగా పెట్టుకోవచ్చు.

రాత్రికి ఇది ఎందుకు ముఖ్యమంటే, ట్రమడాల్, ఫెంటానిల్ లాంటి నొప్పి మందులు శ్వాసని మందగింపజేస్తాయి. మత్తు వల్ల గొంతు కండరాలు ఇంకా వదులుగా ఉంటాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. వార్డులో అయితే తలవైపు 30 డిగ్రీలు ఎత్తి, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి ఉంచుతారు, తగ్గగానే అలారం మోగుతుంది. కారు వెనక సీట్లో నిద్రపోతున్న మనిషి శ్వాస ఎవరూ లెక్కపెట్టరు. ఆక్సిజన్ పెట్టి 98 చూపించి పంపిస్తే అది లెక్కకి రాదు, మాస్కు తీసేసి మామూలు గాలిలో, నిద్రపోతున్నప్పుడు కూడా 92 పైన నిలబడాలి.

ఇక వాంతులు. ఆడవాళ్లు, పొగ తాగనివాళ్లు, బస్సెక్కితే వాంతి వచ్చేవాళ్లు, ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ లాంటి మందులు పడేవాళ్లు, ఈ నాలుగు గుణాల్లో ఎన్ని ఉంటే అంత వికారం. స్లీవ్ తర్వాత అది మిగతా ఆపరేషన్ల కన్నా ఎక్కువ. గ్యాస్ బదులు ప్రొపొఫాల్ ధారతో మత్తు ఇవ్వడం, ముందు అప్రెపిటాంట్, మత్తిచ్చేటప్పుడు డెక్సామెథాసోన్, చివర్లో ఆండాన్‌సెట్రాన్, నొప్పికి పొట్ట గోడలో మొద్దుబార్చే ఇంజెక్షన్, ఇవన్నీ కలిపితే బాగా తగ్గుతుంది. వీటిలో ఏమేం ఇస్తారని మీ మత్తు డాక్టర్ని ముందే అడగొచ్చు. డెక్సామెథాసోన్ పడితే ఆ రాత్రి షుగర్ పెరుగుతుంది, నాలుగైదు గంటలకోసారి చూసుకోవాలి.

సాయంత్రం ఏడింటికి మనిషి చక్కగా కూర్చుని మాట్లాడుతుంది. అప్పటికి సెలైన్ ఎక్కి ఉంది, వాంతి మందులు ఇంకా పనిచేస్తున్నాయి. వాటి ప్రభావం తగ్గేది ఆ రాత్రే, సరిగ్గా మీరు దారిలో ఉండే సమయానికి.

షుగర్ మాత్రల పేర్లు కూడా రాయండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే కనీసం 3 రోజుల ముందు ఆపాలి, డాక్టర్ని అడిగే ఆపండి. ఇవి చాలాసార్లు మెట్‌ఫార్మిన్‌తో కలిపిన ఒకే మాత్రలో ఉంటాయి, స్ట్రిప్పు వెనక చిన్నక్షరాలు చదవాలి. ఆపకపోతే పస్తు, తక్కువ తిండి వల్ల రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. గ్లూకోమీటర్‌లో షుగర్ 160, 180 చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ మనిషి వాంతులు, ఆయాసంతో దిగజారిపోతుంది. కీటోన్ పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. బరువు తగ్గే వారం వారం సూది, అంటే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్, వాడుతుంటే అది కూడా దాచకుండా చెప్పాలి. వాటితో తిన్నది పొట్టలో ఎక్కువసేపు నిలిచి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అనంత_క్లాక్‌టవర్:

చాలా థ్యాంక్స్ సార్. బీపీ మాత్ర టెల్మిసార్టాన్ 40. షుగర్ స్ట్రిప్పు చూశా, డాపాగ్లిఫ్లోజిన్ 10 ప్లస్ మెట్‌ఫార్మిన్ 500 అని ఉంది, రేపే ఆసుపత్రికి ఫోన్ చేస్తాం. మెడ 41 సెంటీమీటర్లు. బావని అడిగితే మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు అయ్యి ఉలిక్కిపడి లేస్తుందన్నాడు. నిద్ర పరీక్ష చేయిస్తాం. ఒక రాత్రి ఉండటం ఖాయం చేసుకున్నాం. ఆ రాత్రి పక్కనుండేవాళ్లు ఏం చూడాలి, ఆ తర్వాత గదిలో ఏం చూడాలి, తిరుగు ప్రయాణం ఎప్పుడు, ఎట్లా?

వార్డ్_సిస్టర్_కడప:

ముందు ఒక మాట. మెడ, ఊపిరి ఆగడం కలిపితే మీ అక్కకి ఐదు మార్కులు. ఆ పరీక్ష ఫలితం చూడకుండా డేట్ అలాగే ఉంచుకోవద్దు, అవసరమైతే జరపమని అడగండి.

ఆ రాత్రి పని చాలావరకు నర్సుదే, పక్కనుండేవాళ్లకి మూడు పనులుంటాయి. నడిపించడం, కొలిచి తాగించడం, పడుకోబెట్టే తీరు చూడటం. వార్డుకొచ్చిన మూడు నాలుగు గంటల్లో మొదటిసారి లేపి నడిపిస్తాం, తర్వాత మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి. లేపేటప్పుడు నేరుగా పైకి లాగొద్దు. పక్కకి తిప్పి, కాళ్లు మంచం కిందికి దించి, మోచేతి ఊతం మీద కూర్చోబెట్టి, రెండు నిమిషాలాగి లేపాలి. తల తిరిగితే మళ్లీ కూర్చోబెట్టి సిస్టర్‌ని పిలవండి. ఒకసారి తిరిగితే సరే, లేచిన ప్రతిసారీ కళ్లు బైర్లు కమ్మితే పల్స్ చూడాల్సిందే.

తాగడానికి 30 ఎంఎల్ కప్పు తెచ్చుకోండి, దగ్గు మందు సీసా మీద వచ్చే కొలత కప్పైనా చాలు. డాక్టర్ తాగొచ్చు అన్నాక 15 నిమిషాలకి ఒక కప్పు, అది కూడా మూడు నాలుగు గుటకలుగా. గంటకి 120 ఎంఎల్ అవుతుంది, మెలకువగా ఉన్న 12 గంటల్లో దాదాపు లీటరున్నర. దాహంగా ఉందని గడగడా తాగితే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు నొప్పి, వెంటనే వాంతి. స్ట్రా వద్దు, గాలి లోపలికి పోతుంది.

భుజం నొప్పి చూసి హడలిపోవద్దు. ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, అది మిగిలి డయాఫ్రంని గుచ్చితే భుజంలో లాగుతుంది. ఒకటి రెండు రోజుల్లో నడిచేకొద్దీ తగ్గుతుంది. అదే తగ్గిపోయిన నొప్పి నాలుగో రోజో ఆరో రోజో ఎడమ భుజంలో కొత్తగా మొదలై, దాంతోపాటు పల్స్ 100 దాటి, చలి జ్వరమో ఆయాసమో వస్తే అది గ్యాస్ నొప్పి కాదు. లీక్ అని అనుమానించి ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి. జ్వరం లేకపోయినా, కూర్చుని ఉండగా పల్స్ 120 దగ్గర నిలిచిపోయిందంటే అదొక్కటి చాలు, ఎమర్జెన్సీకి పోవడానికి. మందుల షాపులో దొరికే వేలి ఆక్సిమీటర్ ఒకటి కొనుక్కోండి, పల్స్, ఆక్సిజన్ రెండూ చూపిస్తుంది. రోజుకి నాలుగుసార్లు రాయండి.

రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపారిన్ సూది ఇస్తారు, సాధారణంగా 40 ఎంజీ. బీఎంఐ 40 దాటినవాళ్లకి చాలామంది డాక్టర్లు రోజుకి రెండుసార్లు రాస్తారు. కొందరికి ఇంటికొచ్చాక కూడా రెండు నాలుగు వారాలు ఉంటుంది, కాబట్టి వార్డులో ఉండగానే ఇంట్లోవాళ్లు ఒకరు నేర్చుకోవాలి. బొడ్డుకి రెండు అంగుళాలు పక్కన, చర్మం మడత పట్టుకుని, సూది నిటారుగా మొత్తం దింపి, మందు పూర్తయ్యాకే మడత వదలాలి. సిరంజిలో ఉన్న గాలి బుడగని తీయొద్దు, పొడిచిన చోట రుద్దొద్దు. రుద్దితే నల్లగా కమిలిపోతుంది. ఈ సూది వేసినప్పుడు లోపల రక్తం కారుతోందా అన్నది ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, రాత్రి ఆసుపత్రిలో ఉండటానికి ఇది ఇంకో కారణం.

తిరుగు ప్రయాణం ఐదారు రోజుల తర్వాత రివ్యూ అయ్యాకే పెట్టుకోండి. ముందు సీటు కొంచెం వెనక్కి వాల్చి, సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య చిన్న దిండు. గంటకోసారి కారాపి ఐదు నిమిషాలు నడిపించాలి. హైవే పక్కన ధాబాలకి కొదవ లేదు, ఒక్కటి కూడా వదలకుండా ఆగినా తప్పులేదు. కూర్చున్నంతసేపు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా ఇంటికి పోయి చూద్దామనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి పోవడం ఈ ఆపరేషన్ల తర్వాత ప్రాణం తీసేవాటిలో ముందుంటుంది, అది చాలాసార్లు డిశ్చార్జ్ అయ్యాకే జరుగుతుంది.

టీపీఏ_డెస్క్_ప్రొద్దుటూరు:

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ రాయలేదు. చాలా పాలసీల్లో హాస్పిటలైజేషన్ అంటే వరుసగా 24 గంటలు ఇన్‌పేషెంట్‌గా ఉండటం. దానికి మినహాయింపు డే కేర్ చికిత్స: జనరల్ అనస్థీషియాలోనో లోకల్‌లోనో చేసి, వైద్యం మెరుగుపడటం వల్ల 24 గంటల్లోపే పంపగలిగేవి. కాబట్టి అదే రోజు డిశ్చార్జ్ అయితే క్లెయిమ్ రాదని చట్టమేమీ లేదు. కానీ కంపెనీ దాన్ని డే కేర్‌గా ఒప్పుకుంటున్నట్టు ముందే మెయిల్‌లో రాయించుకోవాలి, ఫోన్‌లో చెప్పిన మాట నిలబడదు. ఒక రాత్రి ఉంటే ఈ పేచీయే లేదు. ఒక్కటి గమనించండి, గంటలు లెక్కపెట్టేది అడ్మిషన్ టైమ్ నుంచి, ఆపరేషన్ టైమ్ నుంచి కాదు. పొద్దున ఏడుకి అడ్మిట్ అయి మరుసటి రోజు మధ్యాహ్నం వస్తే 24 దాటుతుంది.

అసలు గొడవ వచ్చేది వేరే చోట. ఊబకాయం సర్జరీకి ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ) పెట్టిన షరతులు ఇవి: డాక్టర్ సలహా మీదే జరగాలి, వైద్య ప్రమాణాలు దాన్ని సమర్థించాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకుపైన ఉండాలి. 35 పైన ఉంటే దానితోపాటు తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగర్, గుండె జబ్బు లాంటిది ఒకటుండి, మిగతా పద్ధతులతో బరువు తగ్గలేదని చూపించాలి. మీకు 40 దాటింది కాబట్టి సరిపోతుంది. అయితే ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు కాలేయం కుంచించుకుపోవడానికి లిక్విడ్ డైట్ పెడతారు, అందులో నాలుగైదు కిలోలు తగ్గుతారు. ఆ డైట్ మొదలయ్యే ముందే ఎత్తు, బరువు, బీఎంఐ తేదీతో సహా డాక్టర్ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. 40కి దగ్గర్లో ఉన్నవాళ్లకి అడ్మిషన్ రోజు బరువు చూసి తిరస్కరించే అవకాశం ఉంది. షుగర్, బీపీ ఎప్పటినుంచి ఉన్నాయో పాలసీ తీసుకున్నప్పుడు రాశారా, వెయిటింగ్ పీరియడ్ పూర్తయిందా చూసుకోండి. గది అద్దెకి పరిమితి ఉంటే దానికి మించిన గది తీసుకోవద్దు, అద్దె ఒక్కటే కాదు, మిగతా బిల్లులో కొంత భాగం కూడా ఆ నిష్పత్తిలో కోయొచ్చు.

పథ్యం_ఆదోని:

సిస్టర్ తాగే లెక్క చెప్పారు, ఏం తాగాలో నేను చెబుతా. మళ్లీ ఆసుపత్రికి చేరేవాళ్లలో ఎక్కువమంది లీకుతో కాదు, ఒంట్లో నీళ్లు తగ్గిపోయి చేరతారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. మూత్రం లేత పసుపు ఉంటే సరే, ముదురు రంగులో రోజుకి రెండు మూడుసార్లే అవుతుంటే నీళ్లు చాలట్లేదు. మీ అక్క వాడే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఆపరేషన్ తర్వాత అది వెంటనే వేయాలా, కొన్ని రోజులు ఆపాలా, ఎంత బీపీ ఉంటే మళ్లీ మొదలుపెట్టాలి అని డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. షుగర్ మాత్రల సంగతీ అంతే. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ (మందుని నెమ్మదిగా వదిలేవి) అని రాసి ఉన్న మాత్రల్ని పొడి చేసి వేయకూడదు, మామూలు రకానికి మార్పించుకోవాలి.

మొదటి ఒకటి రెండు రోజులు తేట నీళ్లే: నీళ్లు, మజ్జిగ తేట, వడకట్టిన పప్పు కట్టు, వడకట్టిన చికెన్ సూప్. ఆ తర్వాత రెండు వారాల వరకు పలుచటి మజ్జిగ, పాలు, ప్రోటీన్ పొడి. ఇక్కడ మనవాళ్లు చేసే పని ఏమిటంటే, బలానికి రాగి జావ మంచిదని రోజంతా అదే తాగిస్తారు. జావ తప్పు కాదు, కానీ అందులో ప్రోటీన్ తక్కువ. రోజుకి కనీసం 60 గ్రాములు కావాలి. 24 గ్రాములిచ్చే వే ప్రోటీన్ రెండు స్కూపులు, వెన్న తీసిన పాలు 400 ఎంఎల్, ఇంతకి లెక్క సరిపోతుంది. ఒకేసారి కాదు, రోజంతా పంచి. పాలకి కడుపు ఉబ్బరిస్తే లాక్టోజ్ లేని పొడి తీసుకోండి.

మూడో వారం నుంచి మెత్తగా మెదిపిన పప్పు, గిలకొట్టి వండిన గుడ్డు, గట్టి పెరుగు. సంగటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సంగటి ముద్దని మనం నమలం, పప్పులోనో ఊరుబిండిలోనో అద్ది మింగేస్తాం. సన్నబడిన గొట్టంలో ఆ ముద్ద ఇరుక్కుంటుంది, లాలాజలం కూడా దిగక నురగ నురగగా కక్కుకుంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా దాని జోలికి పోవద్దు. తర్వాత కూడా చిటికెడంత తీసుకుని నోట్లో నమిలి తినాలి. ఉగ్గాని బజ్జీ ఇంకా ఆలస్యం. బెంగళూరులో ఆ ఐదారు రోజులు గది తీసుకునేటప్పుడు చిన్న స్టవ్, మిక్సీ వాడుకోనిచ్చే చోటు చూసుకోండి. హోటల్ సూపుల్లో కారం, కార్న్‌ఫ్లోర్ ఎక్కువ.

వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఓర్చుకోకూడదు. బి1 విటమిన్ నిల్వలు మనిషిలో రెండు మూడు వారాలకి సరిపడానే ఉంటాయి. అది అయిపోతే కళ్లు తిరగడం, చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమకపడటం మొదలవుతాయి. ఆ నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు.

లాప్రో_సర్జన్_అనంత:

మేడమ్ రాసిన బి1 దగ్గర ఇంకొంచెం చేర్చాలి, ఎందుకంటే ఇంటికొచ్చాక మీరు ముందు పోయేది బెంగళూరుకి కాదు, అనంతపురంలో దగ్గరున్న ఆసుపత్రికే. అక్కడి డ్యూటీ డాక్టర్ రోజూ ఇలాంటి కేసులు చూసే మనిషి కాకపోవచ్చు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు మీ సర్జన్‌తో ఒక పేజీ ఉత్తరం అడిగి తీసుకోండి, దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి బావ దగ్గర, మీ దగ్గర ఉంచుకోండి.

అందులో ఏ తేదీన ఏ ఆపరేషన్, రాత్రీ పగలూ ఎత్తే ఫోన్ నంబరు, డిశ్చార్జ్ నాటి పల్స్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఉండాలి. ఆ అంకెలు లేకపోతే కొత్త డాక్టర్‌కి 9.8 హిమోగ్లోబిన్ చూస్తే అది ముందునుంచీ ఉన్నదా, ఇప్పుడు పడిందా తెలియదు. వాంతులని వస్తే గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ (అంటే బి1) ఇంజెక్షన్ ఇవ్వాలి, గ్లూకోజ్ ముందు పడితే మిగిలిన బి1 కూడా ఖర్చయిపోతుంది. ముక్కులోంచి పొట్టలోకి పోయే రైల్స్ ట్యూబ్ గుడ్డిగా వేయకూడదు, తాజా పిన్నుల వరుసని చీల్చే ప్రమాదం ఉంది. లీక్ అనుమానముంటే అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టకుండా సీటీ తీయాలి, అది మామూలుగా వచ్చినా పల్స్ 120 దగ్గరే ఉంటే వదిలిపెట్టకుండా సర్జన్‌తో మాట్లాడాలి. ఒకటి నుంచి మూడు వారాల మధ్య మొండి పొట్టనొప్పి వస్తే, సీటీలో కాలేయానికి పోయే పోర్టల్ సిరలో గడ్డ ఉందేమో కూడా చూడాలి. అరుదే కానీ, స్లీవ్ తర్వాత నీళ్లు సరిగా తాగనివాళ్లలో వస్తుంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా కొనుక్కోవద్దు, పారాసెటమాల్ సిరప్పో కరిగే మాత్రో చాలు, రోజు మొత్తానికి 4 గ్రాములు మించకుండా. పాంటోప్రజోల్ (ఆసిడ్ తగ్గించే మాత్ర) ఎన్ని నెలలు వాడాలో, పిత్తాశయంలో రాళ్లు రాకుండా అర్సోడియాక్సీకోలిక్ మాత్ర ఆరు నెలలు ఇస్తున్నారో లేదో ఆ పేజీలోనే ఉండాలి.

సీటీ గురించి ముందే ఒక ఫోన్ చేసి కనుక్కోండి. అనంతపురంలో మీరు పోయే చోట రాత్రిపూట సీటీ నడుస్తుందా, ఆ టేబుల్ ఎంత బరువు వరకు మోస్తుంది, తాగించే డై ఉంచుతారా. లేదంటే ఇంకెక్కడ ఉందో ఆపరేషన్‌కి ముందే రాసి పెట్టుకోండి. నిద్ర పరీక్ష రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, పేరు, ఆసుపత్రి వివరాలు చెరిపేసి.